చామంతికి రాత్రి లైట్లు: పంట మధ్యలో, పూత దశలో బల్బులు మార్చాల్సి వస్తే (తరచుగా అడిగే ప్రశ్నలు)

చిత్తూరు జిల్లా సరిహద్దు ఊళ్లలో, అటు హోసూరు, చిక్కబళ్లాపురం వైపు రాత్రిపూట బస్సులో వెళ్తుంటే చామంతి చేలు వరుస లైట్లతో వెలుగుతూ కనిపిస్తాయి. ఇప్పుడు తెలంగాణలోనూ పాలీహౌస్ రైతులు, కొందరు ఆరుబయట పండించేవాళ్లు ఈ పద్ధతి గురించి ఆరా తీస్తున్నారు. లైట్లు పెట్టడం వరకు ఎవరో ఒకరు చెబుతారు. మధ్యలో బల్బులు మాడిపోతే, పాతవి తీసి ఎల్ఈడీ వేయాలనుకుంటే, అప్పటికే మొగ్గ పడి ఉంటే ఏం చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. ఈ ప్రశ్నలు, జవాబులు వాళ్ల కోసం. మీకు అన్నీ చదివే తీరిక లేకపోతే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: చామంతి మొగ్గ కట్టే రోజుల్లో దానికి కావాల్సింది తెగని చీకటి. ఆ చీకటిని కాపాడుకుంటూ బల్బులు ఎప్పుడు మార్చుకున్నా నష్టం లేదు.

అసలు చామంతికి రాత్రి లైటు ఎందుకు?

త్వరగా పూయకుండా ఆపడానికి. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు, లైటు పెడితే పూలు ఎక్కువ వస్తాయనుకుంటారు. చామంతి రాత్రులు పొడుగ్గా ఉంటేనే మొగ్గ తొడిగే మొక్క. పగటి వెలుగు 13 గంటల 30 నిమిషాల కంటే తగ్గితే చాలా రకాలు పూతకు తయారవుతాయి. మన దగ్గర ఏడాది మొత్తంలో పగలు అంత పొడుగు ఎప్పుడూ ఉండదు. జూన్ నెలాఖరులో హైదరాబాద్‌లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా సుమారు 13 గంటల 10 నిమిషాలు. మదనపల్లె వైపు అంతకన్నా పావుగంట తక్కువ. డిసెంబరులో అయితే 11 గంటల చిల్లర. అందుకే నాటిన మొక్క జానెడు కూడా ఎదగకముందే తలకొసన మొగ్గ పెట్టేస్తుంది. మొక్క చిన్నది, కొమ్మలు తక్కువ, పూలు తక్కువ. నాటిన తర్వాత మొదటి నాలుగైదు వారాలు రాత్రి మధ్యలో వెలుగు చూపిస్తే అది పూత మాట మరిచి ఆకు, కొమ్మ పెంచుకుంటుంది. మనకు కావాల్సిన గుబురు వచ్చాక లైట్లు ఆపేస్తాం. అప్పుడు అన్ని మొక్కలూ ఒకేసారి మొగ్గకు దిగుతాయి.

రాత్రి పది నుంచి రెండు దాకానే వెలిగించాలంటారు, ఎందుకు?

మొక్క లెక్కపెట్టేది చీకటిని. అదీ ఏకధాటిగా ఎన్ని గంటలు ఉందన్నది. సాయంత్రం ఆరున్నర నుంచి ఉదయం ఆరు దాకా పదకొండున్నర గంటల రాత్రి ఉందనుకోండి. మధ్యలో పది నుంచి రెండు దాకా వెలుగు పడితే అది మూడున్నర గంటలదొకటి, నాలుగు గంటలదొకటి, రెండు చిన్న రాత్రులుగా విడిపోతుంది. ఏకధాటి చీకటి ఏడు గంటలు మించకుండా చూసుకోవాలన్నది పూల రైతులు పాటించే లెక్క.

దీని వెనకున్న కథ తెలుసుకోదగ్గదే. 1920లో అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసే గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పొగాకు రకం వేసవిలో ఎంత ఎదిగినా ఎందుకు పూయడం లేదో వెతుకుతూ, పగలు రాత్రుల పొడవే పూతను నడిపిస్తుందని తేల్చారు. 1938లో హామ్నర్, బోనర్ అనేవారు అసలు లెక్క పగలుది కాదు, రాత్రిదని చూపించారు. వాళ్లు వాడిన మొక్క మనకూ తెలిసిందే: గట్ల మీద పెరిగి బట్టలకు అంటుకునే మరులమాతంగి జాతి. నడిరాత్రి ఒక్క నిమిషం లైటు వేస్తే చాలు, ఆ మొక్క పూత ఆగిపోయింది. ఆ తర్వాత 1950ల్లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం ఆకుల్లో ఎర్ర కాంతిని పసిగట్టే పదార్థం ఒకటుందని కనిపెట్టింది. దాని పేరు ఫైటోక్రోమ్. 660 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవును చెప్పే కొలత) దగ్గరి ఎర్ర కాంతి పడితే అది మేలుకుంటుంది, పూత ఆగుతుంది. 730 దగ్గరి ముదురు ఎరుపు పడితే తిరిగి నిద్రకు జారుకుంటుంది. చామంతి మరులమాతంగి అంత సున్నితం కాదు, దానికి నిమిషం చాలదు. అందుకే మనం గంటల లెక్కన వెలిగిస్తాం.

పంట మధ్యలో బల్బులు మార్చొచ్చా?

మార్చొచ్చు. కాకపోతే పంట ఏ దశలో ఉందో చూసుకుని దిగాలి.

లైట్లు ఇంకా వెలిగిస్తున్న దశలో, అంటే మొక్క ఎదిగే వారాల్లో అయితే పగలు పని పెట్టుకుని, సాయంత్రానికల్లా కొత్తవి బిగించి, ఆ రాత్రే పదింటికి వెలిగేలా చూసుకోండి. పని ఒక్కరోజులో అవ్వదనిపిస్తే మడి తర్వాత మడి తీసుకోండి. చేను మొత్తం పాత వైరు పీకేసి, కొత్త వైరు రేపొస్తుంది ఎల్లుండొస్తుంది అని కూర్చోవడం మాత్రం వద్దు. వరుసగా కొన్ని రాత్రులు చీకటి పడితే మొక్క మొగ్గకు సిద్ధమవుతుంది. ఆ తర్వాత లైటు వేసినా మొదలైన పని సగంలో ఆగుతుంది.

లైట్లు ఆపేసిన తర్వాత, మొగ్గ కట్టే దశలో అయితే అసలు తొందరేముంది? ఆ పంటకు ఇక ఆ బల్బులతో పని లేదు. పూలు కోసి, చేను ఖాళీ అయ్యాక తీరిగ్గా మార్చుకోవడం అన్నిటికన్నా మేలు. పక్క మడిలో లేత మొక్కలున్నాయి, వాటికి లైన్ వేయక తప్పదు అంటే పగటిపూట చేయండి. లైటు ఆపిన మడి సర్క్యూట్ ఎంసీబీ (ఆ లైన్‌కు కరెంటు ఆపే స్విచ్) దించి, దాని మీద టేపు అతికించి, ‘వేయవద్దు’ అని రాసి పెట్టండి. కూలికొచ్చినవాళ్లకు, ఇంట్లో పిల్లలకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

మొగ్గ దశలో కొత్త బల్బులు బిగించాం. వెలుగుతున్నాయో లేదో రాత్రి ఒక్కసారి వేసి చూసుకోవచ్చా?

వద్దు. పగలే చూసుకోండి. ఎల్ఈడీ వెలిగిందా లేదా అన్నది మిట్టమధ్యాహ్నం కూడా బల్బు కింద చెయ్యి పెట్టి తల ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. ఎక్కువ పంటలు దెబ్బతినేది ఈ ‘ఒక్కసారి’ దగ్గరే. ఒక్కసారి వేస్తారు, రెండు బల్బులు వెలగవు, ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తారు, అతనొచ్చేసరికి తొమ్మిదవుతుంది, లైట్లన్నీ వేసుకునే పని చేస్తాడు. మర్నాడు రాత్రి మళ్లీ అదే. మొక్కకు సంబంధించినంత వరకు అది పూత ఆపమని చెప్పిన మాటే.

నీళ్లు కట్టడానికో, మోటరు చూడ్డానికో టార్చి పట్టుకుని నడిచి వెళ్లడం వేరు. అలా మీద పడి పోయే వెలుతురుతో చామంతికి ఏమీ కాదు. ఒకే చోట నిలబెట్టి గంటలు వెలిగించేదే ప్రమాదం.

లైట్లు ఆపాక పొరపాటున టైమరు మళ్లీ ఆన్ అయింది. పంట పోయినట్టేనా?

ఎన్ని రాత్రులు, ఏ సమయంలో అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్క రాత్రి అయితే టెన్షన్ పడొద్దు. పూత ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుందేమో, అంతే. లైట్లు ఆపిన మొదటి రెండు మూడు వారాల్లో వరుసగా కొన్ని రాత్రులు వెలిగితే మాత్రం దెబ్బ కనిపిస్తుంది. ఎలా కనిపిస్తుందో చెబుతాను. కొమ్మ కొసన గట్టిగా గుండ్రటి మొగ్గ ఒకటి ఏర్పడుతుంది. దాని చుట్టూ ఉన్న ఆకులకు చామంతి ఆకుకుండే కోతలు ఉండవు. సన్నగా, పొడుగ్గా, పట్టీల్లాగా ఉంటాయి. ఆ మొగ్గ రోజులు గడిచినా విచ్చుకోదు. దాని కిందనుంచి పక్క కొమ్మలు లేచి దాన్ని దాటి పైకి పోతాయి. ఇలాంటి మొగ్గలు ఒకటి రెండు మొక్కలకే ఉంటే వదిలేయండి. మడి అంతా అలాగే ఉంటే ఆ కొస మొగ్గలను తుంచేసి, చీకటిని పక్కాగా ఇస్తే పక్క కొమ్మలు పూస్తాయి. పంట ఆలస్యమవుతుంది, చేతికైతే వస్తుంది.

మొగ్గ విచ్చి రంగు కనబడిన తర్వాత లైటు పడితే పెద్దగా తేడా రాదు. అక్కడి దాకా కాపాడుకోవాలి.

లైటింగ్ జరుగుతుండగా నాలుగైదు బల్బులు మాడిపోయాయి. వెంటనే మార్చాలా?

ఆ సాయంత్రమే. మాడిన బల్బు ఆనవాలు నెల తర్వాత బయటపడుతుంది. దాని కింద గుండ్రంగా కొంత మేర మొక్కలు పొట్టిగా ఆగిపోయి ముందే మొగ్గ తొడుగుతాయి. చుట్టూ ఉన్నవి ఇంకా పచ్చగా ఎదుగుతుంటాయి. కోతకొచ్చేసరికి ఆ ఒక్క చోట పూలు ముందొచ్చి, దాని కోసం మనిషిని విడిగా పెట్టాల్సొస్తుంది. అందుకే లైటింగ్ వారాల్లో పది గంటలప్పుడు చేను చుట్టూ ఒకసారి నడవండి. పెట్టెడు స్పేర్ బల్బులు మోటరు షెడ్డులోనే ఉంచుకోండి.

కరెంటు పోతే?

పోయిన రాత్రే తిరిగొస్తే ఆలస్యంగానైనా వెలిగించండి. పదింటికి పోయి ఒంటిగంటకు వచ్చిందనుకోండి, ఒంటిగంట నుంచి అయిదు దాకా వేయండి. పొద్దుగూకినప్పటి నుంచి లెక్కేసినా ఏకధాటి చీకటి ఏడు గంటలు దాటలేదు కాబట్టి పని జరిగినట్టే. రాత్రంతా రాకపోతే ఆ ఒక్క రాత్రికి పంట తిరగబడదు, మర్నాడు మాత్రం తప్పకుండా వెలిగించాలి.

ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ మోటార్లకు త్రీ ఫేజ్ కరెంటు పగటిపూట 9 గంటలు ఇస్తున్నారు. రాత్రి లైట్లకు దాన్ని నమ్ముకునే వీల్లేదు. లైటింగ్ మొదలుపెట్టకముందే మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారిని కలిసి, రాత్రి సరఫరా ఏ లైన్ మీద ఉంటుందో, లైట్లకు విడిగా మీటరు కనెక్షన్ కావాలేమో కనుక్కోండి. ఎల్ఈడీలకు మారిన తర్వాత చిన్న జనరేటరైనా ఒక ఎకరం లైట్లను లాగగలదు. ఫిలమెంట్ బల్బులు ఉన్నప్పుడు ఇది కుదిరేది కాదు.

ఫిలమెంట్, సీఎఫ్ఎల్ తీసి ఎల్ఈడీ వేస్తే ఖర్చు నిజంగా అంత తగ్గుతుందా?

తగ్గుతుంది, లెక్క చూడండి. 60 వాట్ల ఫిలమెంట్ బల్బులు 100 ఉంటే 6 కిలోవాట్లు. రాత్రికి 4 గంటలంటే 24 యూనిట్లు. అవే 100 చోట్ల 9 వాట్ల ఎల్ఈడీలు వేస్తే 3.6 యూనిట్లు. నెలకు 600 యూనిట్ల పైన తేడా. పైగా 9 వాట్ల ఎల్ఈడీ ఇచ్చే వెలుగు 60 వాట్ల ఫిలమెంట్ కన్నా తక్కువేమీ కాదు. వైరు మీద భారం తగ్గడం ఇంకో లాభం. సన్న సర్వీసు వైరుతో 6 కిలోవాట్లు లాగితే చివరి బల్బులు మసకబారతాయి, జాయింట్లు కాలతాయి. ఎల్ఈడీలతో ఆ బాధ చాలావరకు ఉండదు.

ఏ రంగు ఎల్ఈడీ కొనాలి?

తెల్లగా మెరిసే 6500 కెల్విన్ (డబ్బా మీద వెలుగు ఛాయను చెప్పే అంకె) బల్బు కన్నా పసుపు ఛాయ ఉన్న 3000 కెల్విన్ వార్మ్ వైట్ నయం. పూతను ఆపేది ఎర్ర కాంతి, అది వార్మ్ వైట్‌లో ఎక్కువ. ‘పూల కోసం ప్రత్యేకం’ అని అమ్మే ఎర్ర ఎల్ఈడీలు కూడా పనిచేస్తాయి, అయితే ధర చూసుకోండి. గులాబీ రంగులో వెలిగే గ్రో లైట్లు ఆరుబయట చేనుకు దండగ. ఆ లైట్లు మొక్కకు ఆహారం తయారుచేయించడానికి ఉద్దేశించినవి. మనకు ఆ పని పగలు సూర్యుడు చేసిపెడుతున్నాడు. రాత్రి మనం చేయాల్సింది, ఇంకా రాత్రి పొడుగు కాలేదని మొక్కకు తెలిసేలా కొద్దిపాటి వెలుగు చూపించడం. అంతవరకే.

ఎంత దూరానికొకటి, ఎంత ఎత్తులో కట్టాలి?

దీనికి అందరికీ ఒకే కొలత చెప్పడం తప్పు. బల్బు వాట్లు, హోల్డర్ పైన రేకు ఉందా లేదా, మొక్క ఎత్తు, రకం, అన్నీ కలిసి తేలుస్తాయి. పూల సాగు పుస్తకాల్లో పాతకాలం నుంచీ ఉన్న కొలమానం మొక్క తల దగ్గర 10 ఫుట్ క్యాండిళ్లు, అంటే ఇంచుమించు 100 లక్స్ (రెండూ ఒక చోట పడే వెలుగును కొలిచే ప్రమాణాలే). చాలా రకాలు ఇంతకన్నా తక్కువకు కూడా ఆగుతాయి. కానీ మీ రకం సంగతి తెలియనప్పుడు 100 దగ్గర ఉంటే నిశ్చింత.

కొలిచే తీరు ముఖ్యం. చీకటి బాగా పడ్డాక లైట్లు వేసి, లక్స్ మీటరును మొక్క కొస ఎత్తులో, ముఖం ఆకాశం వైపు ఉండేలా పట్టుకోండి. బల్బు సరిగ్గా కింద కొలిస్తే అంకె బాగానే కనిపిస్తుంది, సంతోషంగానూ ఉంటుంది. చూడాల్సింది అది కాదు. నాలుగు బల్బుల నడుమ, అన్నిటికీ దూరంగా ఉండే చోట కొలవండి. పంట ఎక్కడ ముందు పూసేదీ అక్కడే తేలుతుంది. కాంతి దూరం పెరిగేకొద్దీ వేగంగా పడిపోతుంది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. మామూలు 9 వాట్ల బల్బును అయిదడుగుల ఎత్తున కడితే, పైన రేకు లేకపోతే సరిగ్గా కింద కూడా 100 లక్స్ రావడం కష్టమే. పది అడుగుల ఎడం పెడితే నడుమ ఇంకా పడిపోతుంది. అలాంటప్పుడు ఎడం తగ్గించడమో, 12 వాట్లకు పోవడమో, వెలుగును కిందికి తిప్పే తెల్ల రేకు తొడగడమో చేయాలి. ఫోన్‌లో లక్స్ యాప్‌లు ఒక చోటికీ ఇంకో చోటికీ పోలిక చూసుకోవడానికి పనికొస్తాయి. అంకెను మాత్రం గట్టిగా నమ్మకండి.

మొక్కలు ఎదిగేకొద్దీ బల్బుకు దగ్గరవుతాయి. మధ్యలో ఒకసారి తీగను పైకి లాగి కట్టండి, లేకపోతే వెలుగు ఒకచోటే పోగుపడుతుంది.

ఈసారికి సగం సీఎఫ్ఎల్, సగం ఎల్ఈడీ ఉంచితే?

ఒకే మడిలో కలపకండి. పూత వరుస తప్పుతుంది, కోత రెండు విడతలవుతుంది. కలపక తప్పకపోతే ఒక వాల్వు కింది మడులన్నీ ఒక రకం, ఇంకో వాల్వువి ఇంకో రకం అన్నట్టు పెట్టండి. అప్పుడు కనీసం ఏది ఎలా పనిచేసిందో మీకే తెలుస్తుంది.

ఎల్ఈడీకి మారాక కాడ పొట్టిగా వస్తోంది. బల్బు తప్పా?

కావచ్చు. ఫిలమెంట్ బల్బు వెలుగులో ముదురు ఎరుపు ఎక్కువ, అది కాడను సాగదీస్తుంది. తెల్ల ఎల్ఈడీలో, సీఎఫ్ఎల్‌లో అది దాదాపు ఉండదు. విడి పూలుగా తూకానికి అమ్మేవాళ్లకు పొట్టి మొక్క మంచిదే, గాలికి పడిపోదు. కాడతో సహా బొకేలకు అమ్మేవాళ్లకు ఇబ్బంది. వాళ్లు లైటింగ్‌ను ఇంకో వారం పొడిగించి, కాడ పొడవు చూసుకుని ఆపాలి.

సోడియం ల్యాంపు హోల్డర్‌లో ఎల్ఈడీ బిగించొచ్చా?

నేరుగా వద్దు. ఆ ఫిట్టింగులో కరెంటును అదుపు చేసే బ్యాలస్టు, ల్యాంపును అంటించే ఇగ్నైటర్ ఉంటాయి. ల్యాంపు అంటించడానికి ఇగ్నైటర్ కొన్ని వేల వోల్టుల పోటు పంపుతుంది. ఆ పోటుకు ఎల్ఈడీ మాడిపోతుంది, ఒక్కోసారి పేలుతుంది. రెండిటినీ తీసేసి, లైనును నేరుగా హోల్డర్‌కు కలపాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

నాలుగు గంటలూ ఆపకుండా కాకుండా, కాసేపు వెలిగించి కాసేపు ఆపే పద్ధతి ఉందంటారు?

ఉంది. అరగంటలో పది నిమిషాలు వెలిగించి ఇరవై నిమిషాలు ఆపుతూ నాలుగు గంటలు నడిపిస్తే కూడా చామంతి ఆగుతుంది, వెలుగు తగినంత ఉంటే. ఎల్ఈడీలకు ఇది నప్పుతుంది. సోడియం ల్యాంపులకు అసలు కుదరదు, వేడెక్కిన ల్యాంపు ఆరితే మళ్లీ అంటుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. సీఎఫ్ఎల్‌ను అన్నిసార్లు వేసి ఆపితే దాని ఆయుష్షు తగ్గుతుంది. కాకపోతే బల్బులు మార్చిన సీజన్‌లోనే ఇదీ మొదలుపెట్టొద్దని నా సలహా. పంట తేడా చేస్తే ఏది కారణమో తెలియకుండా పోతుంది. వచ్చే పంటకు ఒక చిన్న మడిలో చూసుకుని తర్వాత మిగతాదానికి పెట్టుకోండి.

తడి చేలో ఈ వైర్లు, హోల్డర్లు... భయం లేదా?

భయం ఉండాలి. బల్బు మాడితే పోయేది పంటలో ఒక మూల, షాక్ కొడితే పోయేది మనిషి. లైన్ మొదట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) పెట్టించండి. అది లేకుండా ఒక్క రాత్రి కూడా వెలిగించకండి. జాయింట్లు నేలకు తగలకూడదు, డ్రిప్ పైపు మీద పడకూడదు. హోల్డర్ నోరు కిందికి ఉండాలి. వైరు హోల్డర్ దగ్గరికొచ్చే ముందు కాస్త కిందికి జారి మళ్లీ పైకెక్కేలా వదిలితే వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది, లోపలికి పోదు. బల్బు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే సరిపోదు, మెయిన్ దించాలి. చాలా షెడ్డుల్లో స్విచ్ న్యూట్రల్ మీద బిగించి ఉంటుంది, ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. తడి చేతులు, ఇనుప నిచ్చెన, వాన చినుకులు ఉంటే ఆ పూటకు పని మానుకోండి. కూలి మనిషిని ఎక్కించేటప్పుడు కూడా ఇదే నియమం.

లైట్లకు పురుగులు ఎక్కువ రావా?

కొంత వస్తాయి. పాత మెర్క్యురీ ల్యాంపులతో, సీఎఫ్ఎల్‌లతో పోలిస్తే వార్మ్ వైట్ ఎల్ఈడీకి రాక తక్కువ, దానిలో అతినీలలోహిత కాంతి దాదాపు ఉండదు కాబట్టి. అయినా లద్దె పురుగు రెక్కల పురుగులు తిరుగుతుంటాయి, ఆకుల అడుగున గుడ్ల కుప్పలు వెతుకుతూ ఉండండి. రెక్కల పురుగులను తరమడానికి రాత్రంతా పసుపు లైట్లు పెట్టే పద్ధతి జపాన్‌లో ఉంది. మొగ్గ దశలో ఉన్న చామంతి మీద అది చేయొద్దు, పసుపు వెలుగు కూడా పూతను వెనక్కి నెడుతుంది.

మా చేను పక్కనే వీధి లైటు. పక్క రైతు లైట్లు కూడా పడుతున్నాయి. ఏం చేయాలి?

ఇది నిజమైన ఇబ్బందే. పంచాయతీ వాళ్లు కొత్తగా బలమైన ఎల్ఈడీ వీధి లైటు వేస్తే దాని కింది సాళ్లు పూయకుండా నిలబడిపోవడం సాధారణంగా చూసేదే. వీధి లైటుకు చేను వైపు రేకు మూత పెట్టించమని అడగండి. పక్క రైతుతో అయితే గట్టు మీద నల్ల షీటు కట్టే విషయం ముందే మాట్లాడుకోండి. ఎవరు ముందు లైట్లు ఆపుతారో కూడా. మీ సొంత చేలోనే ఒక మడి ఆపి, పక్క మడి వెలిగించాల్సొస్తే మధ్య షీటు తప్పనిసరి. కింద మట్టితో పూడ్చి, పైన మొక్కలకన్నా కనీసం నాలుగడుగులు ఎత్తుండాలి. సందేహముంటే చీకటి మడిలో కూర్చుని మీ చేతి నీడ పడుతోందేమో చూసుకోండి.

పండగకు పూలు అందాలంటే లైట్లు ఎప్పుడు ఆపాలి?

రకాన్ని బట్టి లైట్లు ఆపిన దగ్గర్నుంచి పూత కోతకు రావడానికి ఏడు నుంచి పది వారాలు పడుతుంది. మీ రకం ఎనిమిది వారాలదైతే మొదటి కోత తేదీ నుంచి 56 రోజులు వెనక్కి లెక్కపెట్టండి. ఎండలు ముదిరి రాత్రిళ్లు కూడా చల్లబడకపోతే మొగ్గ కదలిక మందగిస్తుంది, ఆ సందర్భంలో ఇంకో వారం చేతిలో ఉంచుకోండి. బతుకమ్మ తొమ్మిది రోజులూ, దసరా, దీపావళి, ఆ వెంటనే కార్తీకం. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో ఏ వారం ధర లేస్తుందో మీకు నాకన్నా బాగా తెలుసు. పంటంతా ఒకే రోజుకు పెట్టుకోకుండా, మడికో స్విచ్ పెట్టి అయిదారు రోజుల తేడాతో లైట్లు ఆపితే కోత కూలీలూ దొరుకుతారు, ధర పడిన రోజు అంతా ఒకేసారి అమ్ముకోవాల్సిన పరిస్థితీ రాదు.

మేం అమెరికాలో ఉంటాం. బేస్‌మెంట్‌లో గ్రో లైటు కింద కుండీ చామంతి మొగ్గ మీద ఉంది. లైటు పాడైంది, కొత్తది పెట్టాలి.

మీ దగ్గర లైటు పని వేరు, అక్కడ సూర్యుడి పనీ అదే చేస్తోంది. కాబట్టి రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది గంటలు: టైమరు పాతదానికి ఉన్నట్టే ఉండాలి, రోజుకు 10 నుంచి 12 గంటలు వెలుగు, మిగతా అంతా చీకటి. కొత్త ప్యానెల్ మీద నైట్ ల్యాంపులా వెలిగే చుక్క ఉంటే దాని మీద నల్ల టేపు వేయండి. మెట్ల లైటు, టీవీ వెలుగు కూడా చూసుకోండి.

రెండోది వెలుగు తీవ్రత. కొత్త ఎల్ఈడీ ప్యానెల్ చాలాసార్లు పాతదానికన్నా బలంగా ఉంటుంది. మొదటి రోజే పూర్తిగా వేస్తే పై ఆకులు పాలిపోతాయి, అంచులు పైకి ముడుచుకుంటాయి, కింది ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి. డిమ్మర్ ఉంటే సగంతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి. లేకపోతే ఎత్తులో కట్టి మెల్లగా దించండి. ఇంతకుముందు సోడియం ల్యాంపు వాడి ఉంటే దాని వేడి ఇక ఆకుకు అందదు. గది ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచుకోవాల్సి రావచ్చు, కుండీ కూడా ఆలస్యంగా ఆరుతుంది. పాత అలవాటు కొద్దీ రోజూ నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. మట్టిలో వేలు పెట్టి చూసి పోయండి.

పక్కనే మల్లె, కరివేపాకు కుండీలు ఉంటే వాటిని ఈ చీకటి లెక్కలోకి తేకండి. మల్లెకు వెచ్చదనం, బలమైన వెలుగు కావాలి. వాటిని వేరే గదిలో వేరే టైమరు మీద ఉంచండి.

పూత దశలో లైట్లు మార్చడం గురించి యూట్యూబ్‌లో దొరికేదంతా గంజాయి పెంచేవాళ్ల సలహాలే. అవి చామంతికి పనికొస్తాయా?

కొన్ని పనికొస్తాయి. అది కూడా పొడుగు రాత్రులకు పూసే మొక్కే కాబట్టి చీకటి తెగకూడదు, టైమరు సరిచూసుకోవాలి, కొత్త లైటును మెల్లగా అలవాటు చేయాలి అనే మాటలు రెండింటికీ సరిపోతాయి. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి గంజాయి చట్టబద్ధం. సమాఖ్య చట్టం ప్రకారం ఇంటికి నాలుగు మొక్కల దాకా పెంచుకోవచ్చు కాబట్టి అక్కడివాళ్లు దీని గురించి బాహాటంగా మాట్లాడుకుంటారు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే. పదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇక ఆ వీడియోల్లో చెప్పే లైట్ల వాట్లు, ఎత్తులు, ఎరువులు మూసిన గదికి సంబంధించినవి. వాటిని ఆరుబయట చామంతికి అన్వయిస్తే డబ్బు వృథా.

ఇవే బల్బులు మా డ్రాగన్ ఫ్రూట్ తోటకు వాడుకోవచ్చా?

బల్బులు వాడుకోవచ్చు, ఫలితం మాత్రం తలకిందులు. డ్రాగన్ ఫ్రూట్ పగలు పొడుగైనప్పుడు పూసే మొక్క. చలికాలంలో రాత్రి లైటు వేస్తే అది పూతకు వస్తుంది. వియత్నాం రైతులు ఇలాగే సీజన్ కాని రోజుల్లో కాయ తీస్తున్నారు. కాబట్టి ఒకే చేలో డ్రాగన్ ఫ్రూట్, మొగ్గ దశ చామంతి పక్కపక్కన పెట్టుకుంటే ఒకదానికి మేలు చేసే లైటు రెండోదాన్ని చెడగొడుతుంది.

తీసేసిన పాత సీఎఫ్ఎల్‌లు ఏం చేయాలి?

చేలో పారేయకండి, గట్టు మీద కుప్ప పోయకండి. ఒక్కోదానిలో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది, సోడియం ల్యాంపుల్లోనూ ఉంటుంది. పగలకుండా అట్టపెట్టెలో సర్ది, దగ్గర్లో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చేలో పగిలితే గాజు ముక్కలను అట్టముక్కతో ఎత్తి, పైపైన మట్టితో సహా మూత ఉన్న డబ్బాలో వేయండి. ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. సాళ్లలో చెప్పుల్లేకుండా కలుపు తీసేవాళ్లు ఉంటారు, ఒక్క గాజు పెంకు కూడా మిగలకుండా వెతికి తీయండి.